జనరేటర్ పక్కన పాటకచేరి

పల్నాడు వెళ్ళొచ్చానంటే మా ఊళ్ళో వాళ్ళు ముందు ఎండ గురించి అడుగుతారు, తర్వాత కారం గురించి అడుగుతారు. పాటల గురించి ఒక్కరూ అడగరు. నేను వెళ్ళింది పాటల కోసమే. ఒక శనివారం, ఒక ఆదివారం, మూడు కచేరీలు, ఒక ముసలి స్కూటరు, దాని మీద ఇద్దరు మధ్యవయసు మనుషులు. నేను గోదావరి లంకల వాణ్ణి. కూరలో కొబ్బరికోరు పడకపోతే అలిగే ఇంట్లో పుట్టాను. అలాంటివాణ్ణి రెండు రోజులు అక్కడ తిని, పాటలు విని, ఒక పెళ్ళాం మొగుళ్ళ పంతంలో ఇరుక్కుని బయటపడ్డాను. ఆ సంగతులు వెళ్ళని వాళ్ళ కోసం రాస్తున్నాను.

నరసరావుపేట: నన్ను సాక్షిని చేశారు

పదేళ్ళ క్రితం బ్యాంకు ఉద్యోగం మీద నేను నరసరావుపేటలో నాలుగేళ్ళున్నాను. అప్పుడు నా స్కూటరు బాగుచేసినవాడు మస్తాన్. స్కూటర్లు, ఆటోలు, జనరేటర్లు, ఇంజనన్నది ఏదైనా సరే అతని షెడ్డుకు రావాల్సిందే. బండి కింద దూరి పనిచేస్తూ పాతపాటలు పాడేవాడు. ఎంత బాగా పాడేవాడంటే, బండి బాగైపోయినా నేను స్టూలు మీంచి లేచేవాణ్ణి కాదు. షెడ్డు వెనకే ఇల్లు. అతని భార్య షమీమ్ టీ తెచ్చిస్తూ నన్ను అన్నయ్యా అంది. ఆ లెక్కన మస్తాన్ నాకు బావ అయ్యాడు. అప్పట్నుంచి నేను మస్తాన్ అనే పిలుస్తాను, అతను నన్ను బావా అంటాడు. ఇప్పుడు బ్యాంకు వదిలి మా ఊళ్ళో కొబ్బరితోట చూసుకుంటున్నా ఆ వరస మాత్రం పోలేదు.

శనివారం పొద్దున్నే వాళ్ళింట్లో దిగాను. ఇడ్లీ పెట్టింది షమీమ్. పక్కన ఎర్రకారం, నెయ్యి. మా వైపు ఇడ్లీకి కొబ్బరి చట్నీ ఉంటుంది, నోటికి జోలపాట పాడినట్టుంటుంది. ఇక్కడి ఎర్రకారం చెంప మీద కొట్టి నిద్రలేపుతుంది. నేను నీళ్ళు తాగే సందు చూసుకుని ఆమె మొదలెట్టింది.

“అన్నయ్యా, మీ బావకి స్టేజీ దొరకలేదంట. దొరికితే ఇరగదీసేవాడంట. ముప్పై ఏళ్ళ నుంచి ఈ మాట వినలేక చస్తన్నా.”

“దొరకలా. నిజమే గదా,” అన్నాడు మస్తాన్ ఇడ్లీ తుంచుతూ.

“మా తమ్ముడి పెళ్ళిలో దొరకలా? మైకు చేతికియ్యబోతే బిర్యానీ డేగిసా ఎనకమాల దాక్కుంది ఎవరంట?”

“ఉప్పు చూడ్డానికి పోయాలే.”

“ముప్పావుగంట చూశావా ఉప్పు?”

నేను నవ్వేశాను. నవ్వడమే నా తప్పు. ఆమె చూపు నా మీదకి మళ్ళింది. “మీరూ వినండన్నయ్యా. ఇయ్యాళా రేపూ ఏసుబాబు ఆర్కెస్ట్రా మూడు చోట్ల ఉంది. మీరిద్దరూ ఎట్టాగూ పోతన్నారు. మూడింట్లో ఎక్కడో ఒకచోట మైకు చేత్తో పట్టుకుని పాట పాడాలి. ఆ వీడియో నాకు చూపించాలి. పాడకుండా ఇంటికొచ్చాడో, ఇంట్లో గానీ షెడ్డులో గానీ ఇంక కూనిరాగం కూడా తియ్యకూడదు.”

మస్తాన్ చెయ్యి కడుక్కుని లేచి నిలబడ్డాడు. “పాడతా. పాడకపోతే ఈ జన్మలో పాట ఎత్తితే ఒట్టు. బావే సాక్షి.”

మా గోదావరి వైపు ఇలాంటి ఒట్లు పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం భోజనాల దగ్గరికి “ఏదో అనుకున్నామండి” అని నవ్వుకుని వదిలేస్తాం. పల్నాడులో అలా కుదరదు. అక్కడ మాట అన్నాక, అదీ సాక్షి ముందు అన్నాక, ఇక దాన్ని దేవుడు కూడా కదపలేడు. ఇదే మస్తాన్ ఒకసారి కోపంలో టీ మానేస్తానని ఎవరి ముందో అన్నాడట, ఎనిమిదేళ్ళయింది, ఇప్పటికీ పాలే తాగుతాడు. ఆ సంగతి గుర్తొచ్చి నా నవ్వు ఆగిపోయింది. పాట లేని ఆ షెడ్డుని నేను ఊహించుకోలేకపోయాను.

స్టేజీ దొరకడం మాత్రం కష్టం కాదు. ఏసుబాబు కీబోర్డు వాయిస్తాడు, మధ్యమధ్యలో మైకు పుచ్చుకుని మాట్లాడతాడు, ఆ ఆర్కెస్ట్రాకి యజమానీ అతనే. వాళ్ళ వ్యానూ, జనరేటరూ మస్తాన్ షెడ్డులోనే బాగవుతాయి. మొదటి కచేరి ఆ మధ్యాహ్నమే, ఊళ్ళో ఒక కల్యాణమండపంలో, పెళ్ళి రిసెప్షన్‌లో. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. “ఆర్కెస్ట్రా వ్యాను ఎనకాల వచ్చినోళ్ళని పిలిచారా లేదా అని ఎవరూ అడగరు బావా,” అన్నాడు మస్తాన్. నిజమే, ఎవరూ అడగలేదు. మొదటి వరసలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు.

కచేరి హోరెత్తిపోయింది. కరెంటు మీద నమ్మకం లేక ఈ ఆర్కెస్ట్రాలన్నీ సొంత జనరేటర్ తెచ్చుకుంటాయి. అది మండపం పక్క సందులో డుగుడుగుమంటోంది. గాయని గొంతెత్తితే జనం ఈలలు వేస్తున్నారు. మస్తాన్ మాత్రం తల పక్కకి వంచి జనరేటర్‌ని వింటున్నాడు. మెకానిక్‌ని కచేరికి తీసుకెళితే ఇంతే. ఆరు పాటలయ్యాక ఏసుబాబు మైకు తీసుకుని, “ఇప్పుడు మన పేట బిడ్డ, మన మెకానిక్కు మస్తాన్ అన్న...” అన్నాడు. ఆ ‘అన్న’ పూర్తికాక ముందే జనరేటర్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

మస్తాన్ ముఖం చూడాలి! పెళ్ళికొడుక్కి కూడా అంత వెలుగు లేదు. ఒక్క గెంతులో సందులోకి పోయాడు. అరగంటకి జనరేటర్ మోగింది గానీ ఈలోపు భోజనాలకి లేవమన్నారు. అన్నం వడ్డించాక పాట వినేవాడు పల్నాడులో ఎవడూ లేడు. నేనూ వెళ్ళి గోంగూర మాంసం మొదటి ముద్దకే ఏడ్చాను. పక్కనున్న పెద్దావిడ వడ్డించేవాణ్ణి పిలిచి, “ఈయనకి పెరుగెయ్యండ్రా, కోనసీమాయనంట పాపం,” అని అందరికీ వినపడేలా చెప్పింది. నా విస్తరి ఆ తర్వాత తెల్లగా మారిపోయింది.

పిడుగురాళ్ళ: తెల్ల ముఖాలు

రెండో కచేరి సాయంత్రం గురజాలలో. మస్తాన్ స్కూటరు ఎక్కాం. ఊరందరి బండ్లూ బాగుచేసేవాడి సొంత బండి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే దాని వెనక కూర్చోవాలి. సీటులో స్ప్రింగు ఒకటి నన్ను ప్రత్యేకంగా ఎంచుకుంది. గుంట వచ్చిన ప్రతిసారీ పలకరించింది.

పిడుగురాళ్ళ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్క చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. సున్నం బట్టీల ఊరది. మంచు పడ్డట్టు ఆకుల మీద, గోడల మీద, నిలబెట్టిన లారీల మీద సున్నపు దుమ్ము. టీకొట్టు ముందు ఆగి ఒకరినొకరు చూసుకుంటే ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది. నాకు పది రూపాయల టీ, మస్తాన్‌కి పాలు. మా ఊళ్ళో అదే పది రూపాయలకి గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ బొటనవేలంత కప్పు, కానీ చిక్కదనం ఎంతంటే పెదాలు అంటుకుపోతాయి.

“ఆయ్, చక్కెర కాస్త ఎక్కువెయ్యండి,” అన్నాను.

కొట్టాయన ఆగి నన్ను ఎగాదిగా చూసి, “ఆయ్ ఏంది సారూ, ఎవరన్నా గుచ్చారా?” అన్నాడు. నా వెనక సీటు సంగతి ఆయనకెలా తెలిసిందో అనుకున్నాను.

బయల్దేరి ఫర్లాంగు దూరం పోయామో లేదో స్కూటరు ఆగిపోయింది. మస్తాన్ దిగి ప్లగ్గు విప్పాడు, ఊదాడు, బిగించాడు. కార్బురేటర్‌ని తట్టాడు. దాన్ని తయారుచేసిన కంపెనీని, దాని వంశాన్ని తిట్టాడు. నేను పక్కన నిలబడి ఊరికే కిందికి చూశాను. సీటు కింద పెట్రోలు వదిలే కాక్ కట్టేసి ఉంది. టీకొట్టు దగ్గర అలవాటుగా కట్టి, తిప్పడం మర్చిపోయాడు.

“మరి ఇంత దూరం ఎలా వచ్చిందయ్యా?”

“పైపులో ఉన్నది అయిందాకా నడుస్తది బావా. తర్వాత ఆగిద్ది.” కాక్ తిప్పి, గొంతు తగ్గించి అన్నాడు, “ఈ సంగతి పేటలో ఎవరికీ చెప్పమాక.”

చెప్పనని మాటిచ్చాను. రాయనని మాత్రం అనలేదు.

గురజాల: ఓణీల పందిట్లో

గురజాలలో ఒక పత్తి రైతు మనవరాలికి ఓణీల ఫంక్షన్. మా వైపు పిల్లకి ఓణీ వేస్తే నలుగురు ముత్తైదువలు, శనగలు, అరటిపళ్ళు, అంతే. ఇక్కడ ఊరి మొదట్నుంచి పిల్ల ఫోటోతో ఫ్లెక్సీలు కట్టారు. ట్రాక్టర్లు వరసగా నిలబెట్టి వాటికీ పూలు చుట్టారు. ఇంటి పెద్దాయన గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళని ఆప్యాయంగా తిడుతున్నాడు. “ఇప్పుడా రావడం? తినకుండా పోయావో కాళ్ళిరగ్గొడతా,” అని నాతో అన్నాడు. నేనెవరో ఆయనకి తెలియదు.

అదే ఆర్కెస్ట్రా, అదే జనరేటర్. పందిరి వెనక దాన్ని చూసుకునే సాంబయ్య బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఇంజను పక్కన అంతసేపు కూర్చుని కూర్చుని ఏం మాట్లాడినా కేకేసినట్టే మాట్లాడతాడు.

ఏసుబాబు నా దగ్గరికొచ్చి, ఈసారి మస్తాన్ పాట ఎనిమిదోదని చెప్పి వెళ్ళాడు. నేను ఫోను సిద్ధం చేసుకున్నాను. ఏడో పాట మొదలవగానే మస్తాన్ లేచాడు. “సౌండు తేడాగా ఉంది బావా. ఒకసారి చూసొస్తా,” అని వెనక్కి పోయి నిమిషంలో వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. ఏసుబాబు పేరు పిలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. మస్తాన్ లేచి, చొక్కా సర్దుకుని, నాలుగడుగులు వేశాడు. జనరేటర్ దగ్గింది. ఆగింది.

మళ్ళీ మస్తాన్ పరుగు, మళ్ళీ అరగంట. “డీజిల్ ఇంజనుకి గాలి పట్టిందంటే అంతే, గాలంతా తియ్యాల,” అని ఇంటివాళ్ళకి వివరించి చెప్పాడు. ఈలోపు పెద్ద ముత్తైదువలు హారతికి వేళైందన్నారు, పాటలు అక్కడితో సరి. పెద్దాయన మస్తాన్‌ని కౌగిలించుకుని, నువ్వు లేకపోతే మా పరువు పోయేదని శాలువా కప్పాడు. పాడనందుకు శాలువా కప్పించుకున్న గాయకుణ్ణి నేను మొదటిసారి చూశాను.

నేను వెనక్కి వెళ్ళి సాంబయ్య పక్కన నిలబడ్డాను. “ఏటయ్యా, ఈ జనరేటర్‌కి వచ్చిన జబ్బు?”

“జబ్బా?” సాంబయ్య కేకేశాడు. నేను నోటి మీద వేలు పెడితే చుట్టూ చూసి, అతనికి సాధ్యమైనంత మెల్లగా అన్నాడు. “జబ్బేం లేదు సారూ. డీజిల్ కాక్ ఎవరో కట్టేశారు. పైపులో ఉన్నది అయిందాకా ఆడింది, గాలి పట్టి ఆగింది. నేను నీళ్ళకి పోయినప్పుడు ఇటు ఎవరొచ్చారంటే, మస్తానొక్కడే వచ్చాడు. బాగుచేసేవాడే కట్టేస్తే నేనెవరికి చెప్పుకునేది?”

నేను ఎవరికీ చెప్పొద్దన్నాను. పడుకునేదాకా, పొద్దున లేచి పెద్దాయన ఇంట్లో ఉప్మా తినేదాకా, మస్తాన్‌ని చూసి నవ్వుతూనే ఉన్నాను. ఏందేందని అడిగాడు గానీ చెప్పలేదు. కాసేపు ఉడకనిద్దామనుకున్నాను.

రెంటచింతల దాటాక: మిరప కల్లం

ఆదివారం పొద్దున మాచర్ల దారిలో, రెంటచింతల దాటాక, రోడ్డుకి రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కంటికందినంత మేరా ఎరుపు. అందమైన దృశ్యమని ఫోటో తీద్దామని దిగాను. మూడు అడుగులు వేసేసరికి తుమ్ములు పట్టుకున్నాయి. పదకొండు లెక్కపెట్టి మానేశాను. ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పనాపి నవ్వారు.

“ఏమే, ఆయనకి నీళ్ళియ్యండే. ఫోటో కోసం పోయేట్టున్నాడు,” అంది ఒకావిడ. నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని, గట్టు మీద మస్తాన్ పక్కన కూర్చున్నాను. ఇక ఆగలేకపోయాను.

“మస్తాన్, నిన్న కాక్ కట్టేసింది నువ్వే కదా?”

కాదంటాడనుకున్నాను. అనలేదు. ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచాడు.

“పేటలో అది నిజంగానే ఆగింది బావా. దేవుడే ఆపాడనుకున్నా. గురజాలలో దేవుడు కాస్త ఆలస్యం చేస్తున్నట్టు అనిపిచ్చి, నేనే సాయం పట్టా.”

నేను నవ్వాను. అతను నవ్వలేదు. “మైకు చూస్తే నా నోట్లో తడి ఆరిపోద్ది. ఇంజను కింద దూరి ఎంతసేపైనా పాడతా. ఇంజను నా మొహం చూడదు గదా. మనుషులు చూస్తారు. తప్పు పోతే నవ్వుతారు, పోకపోయినా చూస్తారు. ఆ చూపులు నావల్ల కాదు బావా. ఆ పిచ్చిది పందెం కట్టింది, నేను ఎచ్చులకి పోయి ఒట్టేశా. ఇప్పుడు పాడలేను, పాడకపోతే ఇంక ఎప్పటికీ పాడకూడదు. పాట లేకపోతే నేను పానా కూడా పట్టలేను, తెలుసా నీకు?”

నాకు జాలేసింది. రాత్రి నుంచీ నవ్వుతున్నందుకు సిగ్గేసింది కూడా.

“ఒక పని చెయ్యి బావా,” అన్నాడు ఆశగా. “మాచర్లలో పాడాడని చెప్పు. వీడియో తీశాను గానీ ఫోనులోంచి పోయిందని చెప్పు. నువ్వంటే దానికి నమ్మకం.”

“నమ్మకం గనకే చెప్పలేను.”

“సాక్షివి గదా!”

“ఆయ్. సాక్షి కాబట్టే.”

అతను అలిగి బండెక్కాడు. మాచర్ల దాకా మాటల్లేవు. స్ప్రింగు మాత్రం మాట్లాడింది. ఆ దారంతా నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈసారి కాక్‌కి కాపలా నేనే.

మాచర్ల: నలభై మంది మెకానిక్కులు

మూడో కచేరి మాచర్లలో మెకానిక్కులు ఏటా పెట్టుకునే విందులో. పెద్ద షెడ్డు ముందు టార్పాలిన్ పందిరి, పక్కన బిర్యానీ. ఆటో మెకానిక్కులు, ట్రాక్టరు మెకానిక్కులు, లారీ వాళ్ళు, బోరు మోటార్ల వాళ్ళు, అంతా కలిసి నలభై మంది ఉంటారు. ఆదివారం కాబట్టి అందరూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాల్లో వచ్చారు. గోళ్ళలో నలుపు మాత్రం ఎవరికీ పోలేదు. మా ఊళ్ళో ఎవరైనా పాడుతుంటే శ్రోతలు రాగం గురించి గొడవపడతారు. ఇక్కడ పాట నడుస్తున్నంతసేపూ జనరేటర్ గురించి గొడవపడ్డారు. పిస్టన్ అరిగిందని ఒకడు, అరగలేదని ఒకడు.

నేను ప్లాస్టిక్ కుర్చీ లాక్కెళ్ళి జనరేటర్ పక్కనే, కాక్‌కి మోకాలు ఆనించి కూర్చున్నాను. సాంబయ్య సంతోషపడి టీకి పోయాడు. కాసేపటికి మస్తాన్ వచ్చాడు.

“సౌండు తేడాగా...” అంటూ నన్ను చూశాడు. నా మోకాలు చూశాడు. “బానే ఉంది సౌండు,” అని వెనక్కి పోయాడు.

ఏసుబాబు పేరు పిలిచాడు. మస్తాన్ లేచాడు. ఇంజెక్షన్‌కి పోయే మనిషిలా నడిచాడు. స్టేజీ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. జనరేటర్ ఆగిపోయింది.

నలభై మంది తిరిగి నా వంక చూశారు. మెట్టు మీంచి మస్తానూ చూశాడు. “బావా! నువ్వా?” అన్నాడు, ఆశ్చర్యంగా, ఎంతో కృతజ్ఞతగా.

“నేను ముట్టుకోలేదండి బాబూ! నా మీద ఒట్టు!” అని అరిచాను. ఎవరూ నమ్మలేదు. కాక్ తెరిచే ఉందని ఒకడు వంగి చూసి చెప్పాకే నన్ను వదిలిపెట్టారు. తర్వాత నలభై మంది చుట్టూ చేరి నలభై రోగాలు చెప్పారు. చెయ్యి పెట్టింది మాత్రం ఎవరూ లేరు. తోటి మెకానిక్కుల ముందు చెయ్యి పెట్టి బాగుచెయ్యలేకపోతే ఏడాదంతా ఆ మాట పడాలి. తెల్లచొక్కా వంక కూడా ఉండనే ఉంది.

మస్తానొక్కడు ఒక్క ఉరుకున వచ్చాడు. స్టేజీ తప్పింది, దేవుడు మళ్ళీ తన వైపు వచ్చాడు. చొక్కా చేతులు మడిచి, తల ఇంజన్లో దూర్చాడు. ఫిల్టర్లో చెత్త ఇరుక్కుందట. తీశాడు, కడిగాడు, గాలి తీశాడు. హాయిగా, ఏ బరువూ లేకుండా పనిచేస్తున్నాడు. ఇంజను అందుకుంది, స్టేజీ మీద లైట్లు వెలిగాయి. ఇక స్పీడు సరిచెయ్యాలి. స్క్రూడ్రైవరుతో కొంచెం తిప్పడం, చెవి పెట్టి వినడం, మళ్ళీ తిప్పడం. వంగి, అందరికీ వీపు పెట్టి, ఆ పనిలో మునిగిపోయి మస్తాన్ పాట ఎత్తుకున్నాడు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పాత పాట. షెడ్డులో నేను వందసార్లు విన్నదే.

నేను ఏసుబాబు వైపు చెయ్యి ఊపాను. అతను చురుకైనవాడు, వైరు లేని మైకు పట్టుకుని దిగొచ్చాడు. దాన్ని అందుకుని వెనకనుంచి మస్తాన్ నోటి దగ్గర పెట్టాను.

మాచర్ల గాలిలోకి మస్తాన్ గొంతు లేచింది. దానితోపాటు జనరేటర్ డుగుడుగు కూడా లేచింది. స్టేజీ మీద ప్యాడ్ వాయించేవాడు ఒక్క క్షణం విని ఆ డుగుడుగునే తాళంగా పట్టుకున్నాడు. ఏసుబాబు పరుగున పోయి కీబోర్డు మీద చేతులు పెట్టాడు. నలభై మంది మెకానిక్కులు మొదటిసారి ఇంజను గురించి మాట్లాడటం మానేశారు. అసలు మాట్లాడటమే మానేశారు.

పల్లవి అయ్యాక మస్తాన్ ఆగి, తల ఎత్తకుండానే, “ఎవుర్రా వాడు, నా పాట పాడతన్నాడు? బానే పాడతన్నాడే!” అన్నాడు.

ఆ మాట కూడా స్పీకర్లలో మోగింది. పందిరి గొల్లుమంది. మస్తాన్ బిగుసుకుపోయాడు. మెల్లగా కళ్ళు పక్కకి తిప్పి మైకుని చూశాడు, దాన్ని పట్టుకున్న నన్ను చూశాడు. అతని కుడిచెయ్యి కదిలి డీజిల్ కాక్ మీదకి పోయింది. నా రెండు చేతులూ మైకుకే సరిపోయాయి, ఆపేదెలా? మూతి దగ్గర మైకు, కాక్ మీద వేలు. “మస్తాన్, ఇదే ఆఖరు కచేరి,” అన్నాను మెల్లగా. అదీ స్పీకర్లలో మోగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అతను చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. జనం వైపు తిరగలేదు. జనరేటర్‌కేసి ముఖం పెట్టి, దానికే పాడుతున్నట్టు చరణం ఎత్తుకున్నాడు. మొదట గొంతు వణికింది, రెండో లైనుకి నిలబడింది, మూడో లైనుకి షెడ్డులో పాడే మస్తాన్ అయిపోయాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రెండు రోజుల్లో కారం వల్ల కాకుండా వచ్చిన నీళ్ళు అవొక్కటే.

పాట అయ్యాక ఈలలు, చప్పట్లు. ఎవరో వచ్చి కౌగిలించుకునేదాకా మస్తాన్ వెనక్కి తిరగలేదు. ఆ కౌగిలింతల్లో ఒకటి తర్వాత ఒకటి తెల్లచొక్కాలన్నీ నల్లబడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. వీడియో! నా చేతుల్లో మైకుంటే ఫోనెలా పట్టుకుంటాను? ఇద్దరం పిచ్చివాళ్ళలా అందర్నీ అడిగాం. చివరికి ఒక ఆటో మెకానిక్ తీశానన్నాడు. చూస్తే అందులో మస్తాన్ వీపు, పక్కన నోరు తెరిచి నిలబడ్డ నేను. అతని ముఖం గోరంత కూడా లేదు. ఉన్నదే పంపాం. షమీమ్ చూసినట్టు ఫోనులో నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. బిర్యానీ తింటున్నంతసేపూ మస్తాన్ ఫోనునే చూశాడు. 

నడికుడి: ప్లాట్‌ఫారం మీద ఫోను

మాచర్లలో నన్ను సాయంత్రం ప్యాసింజరు ఎక్కించి, మస్తాన్ కారెంపూడి మీదుగా పేటకి బయల్దేరాడు. నా బండి నడికుడిలో ఆగింది. ముందు ఏదో రైలు పోవాలట. దిగి బజ్జీలు కొనుక్కున్నాను. వాటిలో కూడా పచ్చిమిరపకాయే, దాని కడుపులో మళ్ళీ కారం. మొదటిది కొరికే సమయానికి షమీమ్ ఫోను.

“అన్నయ్యా, వీడియో చూశా. అందులో మా ఆయన వీపుంది. మీ నోరు తెరుచుకుని ఉంది. చూసినోళ్ళు పాడింది మీరే అనుకుంటారు.”

“అమ్మా, సాక్షిగా చెబుతున్నాను, నా మీద...”

“ఒట్లు వద్దులెండి. ముప్పై ఏళ్ళుగా వంటింట్లోంచి ఆ వీపే చూస్తా వింటన్నా. ఆ గొంతు నాకు తెలీదా?”  ముక్కు చీదిన చప్పుడు వినపడింది. “నాలుగుసార్లు చూశా. చానా బాగా పాడాడు. ఈ మాట మాత్రం ఆయనకి చెప్పమాకండి, నెత్తికెక్కుద్ది.”

“అయితే ఇంక పాడుకోవచ్చు కదా తల్లీ?”

“రెండో చరణం మింగేశాడు, చూడలా మీరు? మొదటి చరణం కాగానే పల్లవిలోకి దూకాడు. ఆ రెండోది ఇంటికొచ్చి పాడమనండి. నాకు ఎదురుగా కూచుని. నా మొహం చూస్తా. ఇంక వీపు నాకొద్దు.”

మస్తాన్‌కి చేశాను. రోడ్డు పక్కన ఆపి ఎత్తాడు. చెప్పమన్నది చెప్పాను, చెప్పొద్దన్నది కూడా చెప్పాను. 

“ఎదురుగా కూచోనా?”

“ఆయ్.”

“దాని మొహం చూస్తానా?”

“ఆయ్.”

పెట్టేశాడు. పది నిమిషాలకి మళ్ళీ అతనే చేశాడు. “బావా, బండి ఆగిపోయింది. ప్లగ్గనుకుంటా. ఈ పూటకి ఇంటికి చేరేట్టు లేను. మీ చెల్లెలికి నువ్వే ఒక మాట చెప్పు.”

“మస్తాన్, ఒకసారి కిందికి చూడు. కాక్ ఎటుంది?”

ఇక్కడ గార్డు విజిల్ వేశాడు. నేను పరుగెత్తి పెట్టె ఎక్కాను.

“కట్టేసుంది బావా.”

“ఎవరు కట్టారు?”

“ఇప్పుడు సాక్షులెవరూ లేరులే.”

“తిప్పు,” అన్నాను.

రెండు కిక్కులు వినపడ్డాయి, మూడోదానికి స్కూటరు అందుకుంది. ఫోను కట్టెయ్యడం మర్చిపోయి జేబులో వేసుకున్నట్టున్నాడు. ఇంజను గోలలోంచి రెండో చరణం వినపడుతోంది. మూడో లైను దగ్గర తడబడి ఆగాడు, గొంతు సవరించుకుని మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. సిగ్నల్ పోయేదాకా నేను ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు.